తొలేళ్ల రోజు పెన్‌డ్రైవ్

2008 దసరా వెళ్లాక వచ్చిన సోమవారం, అంటే పైడితల్లమ్మ సిరిమాను జాతరకి ముందురోజు జరిగే తొలేళ్ల నాడు, విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక నెట్ సెంటర్లో రెండు గంటలు కూర్చుని నేను దించుకున్నవి రెండే ఫైళ్లు. బయట రోడ్డంతా జనం, డప్పులు. లోపల డౌన్‌లోడ్ గీత కాస్త కదిలి ఆగిపోయేది, కరెంటు పోతే మళ్లీ మొదటికొస్తుందని ఒకటే టెన్షన్. ఆ రెండు ఫైళ్లూ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, చొక్కా జేబు మీద చెయ్యి తియ్యకుండా హాస్టల్‌కి నడిచొచ్చాను.

మన కాలేజీ బ్యాచ్ కలయిక వస్తోంది కాబట్టి ఆ సంగతి మొదటి నుంచి చెప్పాలి. మావయ్య వాడి వదిలేసిన లాప్‌టాప్ ఒకటి సెకండియర్లో నా చేతికొచ్చింది. అప్పట్లో అడిగితే చాలు, విండోస్‌కి బదులు వాడుకునే ఉబుంటు అనే లినక్స్ సీడీ ఉచితంగా పోస్టులో వచ్చేది, అలా వచ్చిన 8.04 వెర్షన్ వేసుకున్నాను. తెర వచ్చింది, పాట వినిపించింది, ల్యాబ్‌లో కేబుల్ పెడితే నెట్ కూడా వచ్చింది. వైర్‌లెస్ మాత్రం లేదు. కీబోర్డు పైన ఉండే చిన్న దీపం నారింజ రంగులోనే ఉండిపోయేది. లైబ్రరీలో రౌటర్ కొత్తగా పెట్టిన రోజులవి, విండోస్ ఉన్నవాళ్లంతా అక్కడ కూర్చుని పని చేసుకుంటున్నారు. మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యమని సీనియర్లు అంటే చేశాను. ఒకసారి కాదు, మూడుసార్లు.

మన ల్యాబ్ మాస్టారు గురించి మన బ్యాచ్ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. హోదాకి ఆయన టెక్నీషియనే, కానీ లినక్స్ లాంటి యూనిక్స్ తరహా సిస్టమ్‌ల విషయంలో నాకు గురువు ఆయనే. మూడోసారి కూడా రాలేదని వెళ్తే ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, "ఇన్‌స్టాల్ చేసీడం ఆపు బాబూ. అదేటి చెప్తందో ముందు చదువు" అన్నారు. మెషిన్ లేచేటప్పుడు వచ్చిన సందేశాలు చూపించే డీమెసేజ్ కమాండ్ కొట్టించారు. వందల వరసలు గిర్రున పైకి పోయాయి. నేను చివరి వరస చూస్తున్నాను, ఆయన మాత్రం మెల్లగా వెనక్కి జరిపించుకుంటూ వచ్చి ఒక చోట తెర మీద వేలు పెట్టారు. వైర్‌లెస్ కార్డుని నడిపే బీ43 అనే డ్రైవర్ ప్రోగ్రామ్ తనకి యూకోడ్5 అనే ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదని అక్కడ స్పష్టంగా రాసి పెట్టింది. మూడు వారాల నుంచి కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ అదే మాట చెప్తోంది, నేను ఒక్కసారీ చదవలేదు.

అప్పుడాయన చెప్పింది ఇప్పటికీ చెవిలో ఉంది. వైర్‌లెస్ కార్డులో సొంతంగా ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది, దాన్ని నడిపించే ప్రోగ్రామ్ మాత్రం ఆ కార్డులో నిలవ ఉండదు, అందుకని మెషిన్ లేచిన ప్రతిసారీ డ్రైవరే ఆ ప్రోగ్రామ్‌ని కార్డులోకి ఎక్కించాలి. దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు. దాన్ని పంచడానికి అనుమతి లేదు కాబట్టి సీడీలో పెట్టలేరు. డ్రైవర్ కథ ఇంకా గొప్పది. కార్డు లోపలి వివరాలు ఎవరూ ఇవ్వకపోతే, కొందరు కంపెనీ డ్రైవర్‌ని విప్పి చదివి అది కార్డుతో ఏం మాట్లాడుతోందో వివరంగా రాసి పెట్టారట, ఆ డ్రైవర్ వైపు కన్నెత్తి చూడని ఇంకొందరు ఆ రాతలు మాత్రమే చూసుకుని కొత్తగా కోడ్ రాశారట. ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడో ఉన్నవాళ్లు, జీతం లేకుండా, నా పాత లాప్‌టాప్‌లో ఉన్న కార్డు కోసం అంత కష్టం పడ్డారా అనిపించింది.

ఆ నెట్ సెంటర్ ఫైళ్లు ఇవే: ఒకటి కంపెనీ వాళ్ల పాత డ్రైవర్ మూట, రెండోది దాన్నుంచి ఫర్మ్‌వేర్‌ని కోసి బయటికి తీసే ఎఫ్‌డబ్ల్యూకట్టర్ అనే పనిముట్టు. మంగళవారం సిరిమాను రోజు. కాలేజీకి సెలవే, అయినా మాస్టారు పొద్దున్నే వచ్చి ల్యాబ్ తాళం తీశారు. కోసిన ముక్కలు లిబ్ ఫర్మ్‌వేర్ ఫోల్డర్లోకి చేర్చి, డ్రైవర్‌ని ఒకసారి దించి మళ్లీ ఎక్కించగానే నారింజ దీపం నీలం అయింది. ల్యాబ్‌లో ఉన్న మన నలుగురం స్నేహితులం ఒకేసారి అరిచాం. మధ్యాహ్నం అందరం కలిసి కోట దగ్గరికెళ్లి సిరిమాను చూశాం, మాస్టారు మాకు జీళ్లు కొనిపెట్టారు.

అయితే దీపం వెలిగినంత మాత్రాన నెట్ రాదు. కార్డు కనిపించిందా, డ్రైవర్ పట్టుకుందా, ఫర్మ్‌వేర్ ఎక్కిందా, రేడియో స్విచ్ ఆన్‌లో ఉందా, స్కాన్‌లో నెట్‌వర్క్ పేరు వచ్చిందా, పాస్‌వర్డ్ తాళం కలిసిందా, అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ నుంచి అడ్రస్ వచ్చిందా, సైట్ పేరుకి అడ్రస్ చెప్పే డీఎన్ఎస్ పలుకుతోందా. మాస్టారు వీటిని మెట్లు అనేవారు, ఏ మెట్టు దగ్గర ఆగిందో చెప్పకుండా "రావట్లేదు సార్" అంటే ఒప్పుకునేవారు కాదు.

తాళం మెట్టు దగ్గర మా రూమ్మేట్‌కి ఒక రోజంతా పట్టింది. ల్యాబ్ రౌటర్‌కీ లైబ్రరీ రౌటర్‌కీ పాస్‌వర్డ్ ఒకటే. డబ్ల్యూపీఏ పాస్‌ఫ్రేజ్ అనే కమాండ్ ల్యాబ్ నెట్‌వర్క్‌కి ఇచ్చిన 64 అక్షరాల తాళాన్నే వాడు లైబ్రరీకి కూడా పెట్టేశాడు. రౌటర్‌తో తాళం సరిచూసుకునే నాలుగు విడతల కరచాలనం కుదరలేదు, తాళం తప్పు కావచ్చు అని ఆ పని చేసే సప్లికెంట్ అనే ప్రోగ్రామ్ చెప్తూనే ఉంది. పాస్‌వర్డ్ సరైనదే కదా అని వీడి వాదన. మాస్టారు బోర్డు దగ్గరికెళ్లి గీసి చూపించారు: ఆ పెద్ద తాళం పాస్‌వర్డ్ ఒక్కదాంతో తయారవ్వదు, నెట్‌వర్క్ పేరుని కూడా కలిపి 4096 సార్లు తిప్పితే వస్తుంది, పేరులో ఒక్క అక్షరం చిన్నదో పెద్దదో మారినా తాళం మొత్తం వేరే. లైబ్రరీ పేరుతో మళ్లీ కమాండ్ కొట్టాం, నిమిషంలో కలిసింది.

ఇప్పుడు నేను బతుకుతున్నది నెట్‌వర్క్ పని మీదే. ఎక్కువగా ఫ్రీబీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా సిస్టమ్ ఉన్న మెషిన్లు చూస్తాను. అక్కడ కార్డు మీద డబ్ల్యూలాన్0 అనే ఇంటర్‌ఫేస్‌ని మనమే పుట్టించుకోవాలి, ఆర్‌సీ కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్లో రెండు వరసలు రాస్తే చాలు, మిగతా మెట్లన్నీ అవే. మొన్న సంక్రాంతికి బొబ్బిలిలో బావ ఇంటికెళ్తే, రౌటర్ అందరి ఫోన్లలో కనిపిస్తోంది, మేనకోడలి లినక్స్ లాప్‌టాప్‌లో మాత్రం లేదు. స్కాన్ మెట్టు. రౌటర్ 13వ ఛానెల్లో ఉంది, లాప్‌టాప్ దేశం అమెరికా అని పెట్టి ఉంది, ఆ దేశపు లెక్కలో సాధారణంగా 11 దాటి వెతకదు. ఇండియా అని మార్చగానే పేరు వచ్చింది. "నీకెలా తెలిసింది మావయ్యా?" అంది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాను.

మాస్టారు చెప్తుంటే మేం నలుగురం రాసుకున్న నోట్స్ ఒకటుంది, ఫైనలియర్ చివర్లో పేజీలు విడదీసి పంచుకున్నాం. డీమెసేజ్ నుంచి స్కాన్ దాకా ఉన్న పేజీలు నా దగ్గర ఉన్నాయి, బోర్డు మీద బొమ్మ ఉన్న పేజీ మీ ముగ్గురిలో ఒకరి దగ్గర ఉండాలి. కలయిక రోజు మాస్టారు వస్తానన్నారు. ఆ పేజీ వెతికి తీసుకురండి.