నూరులోంచి ఏడు తీసేస్తే

మా ఆయన చనిపోయిన ఏడాదిలోపే నాకు పేర్లు గుర్తురాకపోవడం మొదలైంది. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, పాలవాడి నెల బాకీ కూడలేకపోయేదాన్ని. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలున్న కవరు చూస్తేనే గుండెదడ వచ్చేది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ. ఆకలి లేదు. ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పడానికి నోరు పెగిలేది కాదు.

మా అమ్మ అల్జీమర్స్‌తోనే పోయింది. చివర్లో నన్ను తన అక్క అనుకునేది. నాకూ అదే రాబోతోందన్న భయం లోపల తొలిచేస్తూ ఉండేది. మొదట చూపించుకున్న డాక్టరు నాలుగు మాటలు అడిగి, అమ్మ సంగతి విని, అల్జీమర్స్‌కి ఇచ్చే డోనెపెజిల్ మందు రాసిచ్చేశారు. ఒక్క రక్తపరీక్ష కూడా చేయించలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మా చెల్లెలు ఒప్పుకోలేదు. "అమ్మ ఏనాడైనా మర్చిపోతున్నానని అందా అక్కా? మనం అంటే పోట్లాడేది. నువ్వేమో పొద్దస్తమానం అదే చెప్పి ఏడుస్తున్నావు" అంది. పట్టుబట్టి ఒక సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లింది.

ఆవిడ ముందు థైరాయిడ్, విటమిన్ బీ12, రక్తంలో సోడియం చూడమన్నారు. ఇవి తేడా చేసినా మతిమరుపు వస్తుందట. ఎంఆర్‌ఐలో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ భాగం నా వయసుకు తగ్గట్టే ఉంది. తర్వాత జ్ఞాపకశక్తి పరీక్ష. నూరులోంచి ఏడు తీసేయమన్నారు, వచ్చినదాంట్లోంచి మళ్లీ ఏడు. "నాకు తెలియదమ్మా" అన్నాను. ఆవిడ కదల్లేదు. "టీచరుగారూ, తప్పయినా పర్వాలేదు, ఏదో ఒకటి చెప్పండి. నాకేం తొందర లేదు" అన్నారు. తొంభైమూడు అన్నాను. చాలాసేపటికి ఎనభైఆరు. మెల్లగా అన్నీ సరిగ్గానే వచ్చాయి.

అల్జీమర్స్ తొలిదశలో చాలామంది ఏదో ఒక జవాబు చెప్పి సర్దేసుకోవాలని చూస్తారట. తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు ప్రయత్నించకముందే తెలియదనేస్తారు. పెద్ద వయసులో డిప్రెషన్ అచ్చం డిమెన్షియా అనే మతిమరుపు జబ్బులాగే కనిపించవచ్చని, దాన్ని సూడోడిమెన్షియా అంటారని చెప్పి డోనెపెజిల్ ఆపేశారు.

డిప్రెషన్ మందులు నాకు పడలేదు. ఒకదానితో సోడియం పడిపోయి, తూలి గోడ పట్టుకున్నాను. పెద్దవాళ్లలో ఇలా జరగడం కొత్త కాదట. ఇంకొకటి వాడినా మనసులో మార్పు రాలేదు. అప్పుడు ఆర్‌టీఎంఎస్ గురించి చెప్పారు, అంటే మెదడుకి అయస్కాంత తరంగాలతో చికిత్స. మా అబ్బాయి షాక్ ట్రీట్‌మెంటేమోనని కంగారుపడ్డాడు. అది కాదు. మత్తు ఇవ్వరు, కోత లేదు. చికిత్స అయ్యాక లేచి ఇంటికి వెళ్లిపోవచ్చు. తల మీద ఆనించిన తీగచుట్టలో కరెంటు క్షణక్షణం మారుతుంటే, దాని అయస్కాంత క్షేత్రం పుర్రె దాటి మెదడు పైపొరలో చిన్న విద్యుత్తు పుట్టిస్తుంది. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే. ఫిజిక్స్ సారు లేనప్పుడు ఆ పాఠం నేనే చెప్పేదాన్ని. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంటొనీ బార్కర్ బృందం దీన్ని మనిషి మెదడు మీద పనిచేయించింది. డిప్రెషన్‌కి 2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది.

మొదటిరోజు తలలో లోహపు ముక్కలేమైనా ఉన్నాయా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని గుచ్చి గుచ్చి అడిగారు. ఫిట్స్ రావడం చాలా అరుదే అయినా అడిగి తీరాలి. తర్వాత నాకెంత మోతాదు కావాలో చూశారు. కాయిల్‌ని నా తల మీద ఒకచోట పెట్టి మీట నొక్కగానే కుడిచేతి బొటనవేలు దానంతటదే ఎగిరింది. నేను కదపలేదు! భయం వేయలేదు, ఒళ్లు పులకరించింది. ఎన్నో నెలల తర్వాత ఒక సంగతి నాకు వింతగా తోచింది.

ఆ తర్వాత నుదుటికి ఎడమవైపు పైభాగంలో చికిత్స. చెవుల్లో దూది లాంటివి పెట్టినా టకటక శబ్దం గట్టిగానే ఉంటుంది. వేలి కణుపుతో మాడు మీద మొట్టుతున్నట్టు ఉంటుంది, కనుబొమ మీద కండరం అదురుతుంది. మొదటి వారం తలనొప్పి వచ్చింది, పారాసిటమాల్‌తో తగ్గింది. సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు చేస్తారు. ఇంటి నుంచి రోజూ వెళ్లిరావడమే అసలు కష్టం, పక్కన ఒక మనిషి ఉండాలి. మా చెల్లెలు తన ఇల్లు వదిలేసి నా దగ్గరే ఉండిపోయింది.

రెండు వారాలు గడిచినా ఏమీ తెలియలేదు. ఆ తర్వాత ముందు నిద్ర వచ్చింది. పేపరు చివరిదాకా చదివాను. కోడలు ఫోన్ చేసి ఆవకాయ కొలతలు అడిగితే తడుముకోకుండా చెప్పాను. చికిత్స ముగిసే నాటికి ఆ పెన్షన్ కవరు విప్పి, ఫారాలన్నీ నింపి, బ్యాంకుకి నేనే వెళ్లాను.

ఇప్పుడు తెలిసినవాళ్లు ఫోన్ చేసి "మా అమ్మకి అల్జీమర్స్, ఆ మిషన్ ఎక్కడుంది?" అని అడుగుతున్నారు. వాళ్ల గొంతులో ఆశ వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. నాకు తగ్గింది డిప్రెషన్, అల్జీమర్స్ కాదు. అల్జీమర్స్‌కి దీన్ని ఇంకా పరీక్షిస్తూనే ఉన్నారు. రోమ్‌లోని సాంతా లూచియా ఫౌండేషన్‌లో జాకొమో కోక్ బృందం 50 మందితో 24 వారాలు చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. వాళ్లు ఎంచుకున్న చోటు కూడా వేరే, తల వెనక పైభాగాన ఉండే ప్రిక్యూనియస్. నిజమైన చికిత్స పొందినవాళ్ల పరిస్థితి దాదాపు నిలకడగా ఉంది, ఉత్తుత్తి చికిత్స పొందినవాళ్లు దిగజారారు. ఆశపడదగ్గ కబురే. కానీ అది చిన్న అధ్యయనం, పోయిన జ్ఞాపకాలను తిరిగి తెచ్చే చికిత్స కాదు. జబ్బు పూర్తిగా నయం చేస్తామని ఎవరైనా అంటే నమ్మి బంగారం తాకట్టు పెట్టవద్దని ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. ముందు థైరాయిడ్, బీ12 చూపించండి, డిప్రెషన్ ఉందేమో అడగండి అంటున్నాను.

పెద్ద వయసులో వచ్చే డిప్రెషన్ కొందరిలో రాబోయే డిమెన్షియాకి తొలి గుర్తు కూడా కావచ్చని మా డాక్టరు దాచకుండా చెప్పారు. అందుకే జ్ఞాపకశక్తి పరీక్ష అప్పుడప్పుడూ మళ్లీ చేస్తున్నారు. చిన్న మోతాదులో ఒక మందు వాడుతున్నాను, సోడియం చూపించుకుంటున్నాను. మళ్లీ తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం మొదలైతే వెంటనే చెప్పమన్నారు. ఆ మాట నాకే కాదు, మా చెల్లెలికి కూడా చెప్పి పంపారు.