జాంబేజీ మొదట్లో మేమిద్దరం

మొన్న పాలకొల్లులో చుట్టాల పెళ్ళి. బంతిలో నా పక్కన కూర్చున్నావిడ గుత్తొంకాయ కూర చల్లారిపోతున్నా పట్టించుకోకుండా అడిగింది: "వదినా, వచ్చే జూన్‌కి మా ఆయన రిటైరవుతున్నారు. మీలాగే ఓ రెండేళ్ళు పరదేశం పరిచర్యకి వెళ్దామని ప్రార్థన చేసుకుంటున్నాం. అక్కడ పొద్దున్న లేచింది మొదలు ఏం చేస్తారు? ఈ వయసులో మనం పనికొస్తామంటావా?" ఇంతలో సాంబారు బకెట్టు వచ్చి నిలబడింది. ఆ హడావిడిలో చెప్పే సంగతి కాదది. "రాసి పంపుతానమ్మా" అన్నాను. మన మందిరాల్లో ఇదే ఆలోచన ఉన్నవాళ్ళు ఇంకా ఉన్నారని తెలిసి, అందరికీ పనికొస్తుందని ఇక్కడే రాస్తున్నాను.

మేం 2018 మార్చిలో వెళ్ళాం, 2019 డిసెంబరులో తిరిగొచ్చాం. జాంబియా దేశంలో వాయవ్య మూల, ఇకెలెంగెకి దగ్గర్లో ఒక మిషన్ ఆస్పత్రి. ఒక పక్క అంగోలా, ఇంకో పక్క కాంగో. లుసాకాలో విమానం దిగాక రోడ్డు మీద రెండు రోజులు. నేను 34 ఏళ్ళు సర్కారు ఆస్పత్రుల్లో నర్సుగా చేసి రిటైరయ్యాను. మా ఆయన లెక్కల మాస్టారు, హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. అక్కడ జీతం లేదు. టిక్కెట్లు, తిండి మా పెన్షన్లలోంచే. ఉండడానికి రెండు గదుల ఇల్లు ఇచ్చారు. విశాఖ వెళ్ళి ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవడం, నా సర్టిఫికెట్లు పంపి అక్కడి నర్సింగ్ కౌన్సిల్ దగ్గర తాత్కాలిక రిజిస్ట్రేషన్ తెచ్చుకోవడం, వర్క్ పర్మిట్టు, ఆయన బీపీ మాత్రలు ఆరు నెలలకి సరిపడా డాక్టరు చీటీతో సహా సర్దుకోవడం, వీటికే ఎనిమిది నెలలు పట్టింది. వెళ్దామనుకుంటే కాగితాల పని ఇప్పుడే మొదలుపెట్టండి.

ఎందుకు వెళ్ళారని చాలామంది అడిగారు. మాది నరసాపురం. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీ వెంట విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు, భార్యలతో సహా ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చారు. తరవాత మా ఊళ్ళో కాపురం పెట్టారు. ధవళేశ్వరం ఆనకట్ట లేని రోజులవి; అది పూర్తయింది 1852లో. వరదొస్తే ఊళ్ళు మునిగేవి, వానలు పోతే తిండి లేదు. అలాంటి చోటికి ఆ దంపతులు వచ్చి ఉన్నారు కాబట్టి మా తాతల చేతికి బైబిలు అందింది. చిన్నప్పటి నుంచీ ఈ కథ వింటూ పెరిగాను. ఎప్పటికీ పుచ్చుకునేవాళ్ళుగానే ఉండిపోవడానికి నాకు మనసొప్పలేదు.

నాకు దిగిన రోజు నుంచే పని. అక్కడ వానలు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. మేం వెళ్ళింది మలేరియా ముదిరిన నెలలో. పిల్లల వార్డులో మంచానికి ఇద్దరు. అరచేతులు తెల్లగా పాలిపోయిన పసివాళ్ళు, ఫిట్సుతో వచ్చేవాళ్ళు, మలేరియాకి ఇచ్చే ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు, రక్తం ఎక్కించడాలు. మాట రాకపోయినా చెయ్యి అలవాటు మీద పని చేసుకుపోయింది.

మాస్టారి సంగతి అలా కాదు. నరసాపురంలో ఆయన నడిచి వెళ్తుంటే పెద్దవాళ్ళయిన శిష్యులు కూడా బండి ఆపి దిగుతారు. అక్కడ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, దారినపోయేవాళ్ళు ఆగి, కాస్త వంగి, రెండు చేతులూ మెత్తగా తట్టి "మ్వానీ" అనేవారు. అక్కడి లుండా తెగవాళ్ళ మర్యాద అది. ఆయనా అలాగే తట్టి "మ్వానీ" అనేవారు. ఆ పూటకి ఆయన పని అంతే. మూడో వారంలో ఒక రాత్రి దీపం ఆర్పాక చీకట్లో, "నీకు పనుంది, నువ్వొచ్చావు. నన్నెందుకు తీసుకొచ్చాడంటావు ప్రభువు?" అన్నారు. 37 ఏళ్ళ కాపురంలో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నా దగ్గర జవాబు లేదు. చెయ్యి పట్టుకుని పడుకున్నాను.

పాలకొల్లు వదినకి నేను మొదట చెప్పాల్సింది ఇదే. జంటగా వెళ్ళేటప్పుడు ఇద్దరిలో పని ఎవరికి లేదో వాళ్ళ గురించి ముందు ఆలోచించండి. ఉన్నవాళ్ళ రోజులు ఎలాగూ గడుస్తాయి.

ఆయన వంటతో మొదలుపెట్టారు. ఊళ్ళో మంచినీళ్ళు కూడా నేనే అందించేదాన్ని. అక్కడ నాకు నైట్ డ్యూటీలు. ఎంబౌలా అని బొగ్గుల కుంపటి ఉంటుంది. దాని మీద పప్పుచారు కాయడం వారంలో నేర్చుకున్నారు. తెల్లారి నేనొచ్చేసరికి కంచం మీద కంచం బోర్లించి, పక్కన నా గ్లాసు పెట్టి కూర్చునేవారు. సంతలో ఒకరోజు ఆకుకూర కట్ట పట్టుకొచ్చి "ఇది మన గోంగూరేనే, వాసన చూడు" అన్నారు. నిజంగా గోంగూరే. జాంబియాలో లుమండా అంటారు, వేరుశెనగ పిండి కలిపి వండుతారు. కపెంటా అని ఎండబెట్టిన చిన్న చేపలు దొరుకుతాయి, అచ్చం మన మెత్తళ్ళు. ఆ రెండూ కలిపి వండిన రోజున ఇద్దరం మాట్లాడకుండా తిన్నాం.

తరవాత మందుల గది. విరాళంగా వచ్చిన అట్టపెట్టెలు కప్పు దాకా ఉండేవి. ఒక పెట్టె మీద జర్మన్, ఒకదాని మీద పోర్చుగీసు. చూసుకునే కుర్రాడు ఒక్కడే, మంచివాడే, కానీ మూడు చోట్ల పని. మాస్టారు అడిగి మరీ అందులోకి వెళ్ళారు. స్కూల్లో హాజరు పట్టీ గీసినట్టే రూళ్ళకర్రతో గీతలు గీసి రిజిస్టరు తయారుచేశారు: మందు పేరు, ఎన్ని, ఏ నెలతో గడువు తీరుతుంది. గడువు దగ్గరపడ్డవి ముందు వరసలోకి, కొత్తవి వెనక్కి. చెప్పడానికి ఇంతే. నాలుగో రోజున డ్రిప్పు సెట్ల వెనకాల, మూడు నెలల గడువు మాత్రమే మిగిలిన ఆర్టిసునేట్ పెట్టె బయటపడింది. ముందున్న కొత్త పెట్టెలే అప్పటిదాకా వాడుతున్నాం. ఆయన ఆ పెట్టెను రెండు చేతులతో ఎత్తుకుని వార్డు గుమ్మం దాకా తెచ్చి నాకిచ్చారు. ఆ మూడు నెలల్లో ఒక్కటీ పారెయ్యకుండా వాడేశాం. ఒక్కో ఇంజెక్షను ఎక్కిస్తున్నప్పుడు ఆ రూళ్ళకర్ర గుర్తొచ్చేది. ఆ ఏడాది చివర వానల్లో ఆయనకే మలేరియా వచ్చింది. పూటకి నాలుగు చొప్పున రోజుకి రెండు పూటలు, మూడు రోజుల్లో 24 మాత్రలు. అవి కూడా ఆయన లెక్కరాసిన పెట్టెలోవే. నాలుగో రోజు లేచి రిజిస్టరులో 24 తగ్గించి వచ్చారు.

ఇక నా లేసు సూది సంగతి. మా అమ్మ లేసు కుట్టి నన్ను నర్సింగు చదివించింది. ఉండ దారానికి ఇంత అని ఏజెంటు లెక్కకట్టేవాడు. మా ప్రాంతానికి ఈ పని 19వ శతాబ్దంలో మిషనరీ దొరసానుల చేతి మీదుగా వచ్చింది. 2024లో నరసాపురం లేసుకి జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు కూడా వచ్చింది. అమ్మ సూది, పట్టుకునే చోట అరిగి నున్నగా అయిపోయింది, నాతోనే తీసుకెళ్ళాను. ఊరికే, దగ్గరుంటుందని.

ఆస్పత్రి ఆవరణలో నెలలు నిండినవాళ్ళు ముందుగా వచ్చి ఉండే ఇల్లు ఒకటుంది. పల్లెలు దూరం, సైకిలు వెనక కూర్చుని రోజంతా ప్రయాణం చేసి వచ్చేవాళ్ళూ ఉన్నారు. అందుకని రెండు వారాలు, మూడు వారాలు ముందే వచ్చి అక్కడే వండుకుని ఉంటారు. వంట అయ్యాక పనేమీ ఉండదు. భయం మాత్రం ఉంటుంది. ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి వాళ్ళ అరుగు మీద కూర్చుని సూది తీశాను. అంగోలా వైపు నుంచి వచ్చిన పిల్ల, పద్ధెనిమిదేళ్ళుంటాయేమో, మెల్లగా జరిగి నా మోకాలికి ఆనుకుని కూర్చుంది. ఆ పిల్లకి ఇంగ్లీషు రాదు, నాకు లుండా పది మాటలు. సూది ఆ చేతిలో పెట్టి, పైన నా చెయ్యి వేసి దారంతో గొలుసు లాగించాను. ఎడమ చూపుడువేలికి దారం చుట్టడం దగ్గర ప్రతిసారీ జారిపోయేది. విప్పింది, మళ్ళీ వేసింది. చీకటి పడేసరికి జానెడు గొలుసు వచ్చింది. దాన్ని మణికట్టుకి కట్టుకుని పడుకుందని మర్నాడు వాళ్ళు చెప్పారు.

తరవాత ఆరుగురయ్యారు, తరవాత పదిమంది. సూదులు లుసాకా నుంచి తెప్పించాం. ఒకసారి అమ్మ నేర్పిన అనాసపండు డిజైను వేసి చూపించాను. అందరూ ఒక్కసారి కేకలు పెట్టి, వెనక తోట చూపించారు. ఇకెలెంగె అనాసపళ్ళకి పేరుపడ్డ చోటు; ఆ పండు మీద కళ్ళు ఎలా ఉంటాయో నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. తోడు వచ్చిన ఒక ముసలమ్మ నా లేసుని అటూ ఇటూ తిప్పి చూసి, పైన వేలితో చూపించి ఏదో అంది. నర్సు పిల్ల చెప్పింది: "పండు బాగానే ఉంది, ఆకులేవీ అని అడుగుతోంది." మా అమ్మ వేసిన అనాసకి నేనెప్పుడూ ఆకులు చూడలేదు. ముసలమ్మ సూది తీసుకుని, గొలుసులు పైకి విరజిమ్మినట్టు అయిదు ఆకులు తనే వేసింది. ఆ ముక్క ఇప్పుడు మా ఇంట్లో దేవుని వాక్యం కింద పరిచి ఉంది.

2019 జనవరిలో మొగల్తూరులో మా అక్కయ్య పోయింది. నన్ను పెంచింది తనే. ఫోను సిగ్నలు వచ్చీ రాక, కబురు నాకు చేరేసరికి మట్టి చేసేశారు. బయల్దేరినా ఏం లాభం లేదు. నేను ఎవరికీ చెప్పలేదు. మాస్టారు మందుల గది కుర్రాడికి చెప్పినట్టున్నారు. సాయంత్రం వార్డు ఆడవాళ్ళు, ఆ అరుగు మీది గర్భిణీలు, దారిలో చేతులు తట్టి పలకరించేవాళ్ళు, అందరూ వచ్చారు. ఆడవాళ్ళు మా ఇంట్లో నేల మీద కూర్చున్నారు, మగవాళ్ళు బయట నెగడు వేసుకుని మాస్టారి చుట్టూ కూర్చున్నారు. కర్రపెండలం పిండి మూటలు తెచ్చి గోడవార పెట్టారు. వాళ్ళు మా అక్కని చూసింది లేదు, పేరు కూడా పలకలేరు. అయినా తెల్లవార్లూ పాడారు, ఏడ్చారు. మా ఊళ్ళో అక్క శవం పక్కన కూర్చుని ఏడ్చే భాగ్యం నాకు లేకపోయింది. అక్కడ ఒక ముసలమ్మ ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. మేం ఇవ్వడానికి వెళ్ళామని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ రాత్రి తరవాత ఆ మాట నా నోటితో అనలేదు.

తిరిగొచ్చే ముందు జాంబేజీ నది పుట్టే చోటు చూసి వచ్చాం. చెట్ల గుబురులో, వేళ్ళ సందులోంచి ఊరే ఊట. దాటడానికి ఒక అంగ చాలు. అదే 2,500 కిలోమీటర్లకి పైగా పోయి మొజాంబిక్‌లో హిందూ మహాసముద్రంలో కలుస్తుందట. మేమేమో వశిష్ఠ గోదావరి ఒడ్డున, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కుతూ దిగుతూ పెరిగినవాళ్ళం; అవతల అంతర్వేది, ఆ తరవాత సముద్రమే. నది చివర తప్ప మొదలు ఎరగం. మాస్టారు చెప్పులు విడిచి వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుని, చాలాసేపు అలాగే పట్టుకున్నారు.

ఇక వదినకి రెండు మాటలు. ఆవకాయ సీసాలు ఇంటికి రెండు చాలు, గోంగూర అక్కడే ఉంది. జూన్, జూలై రాత్రులు చలి గట్టిగా ఉంటుంది, రగ్గులు పట్టుకెళ్ళండి. మీ ఆయన వడ్రంగం చేస్తారని విన్నాను; ఉలి, రంపం తప్పకుండా పెట్టెలో పెట్టండి, అడిగేవాళ్ళు ఉంటారు. మీకు లేసు వస్తే దారం మాత్రం నరసాపురంలోనే నూలుది కొనండి. అక్కడ నేను సంతలో కొన్నది నైలాను. నెలలు నిండినవాళ్ళ చేతులకి చెమట పడుతుంది, జారిపోయి గొలుసు నిలవదు.