ఏ కంపెనీ అండీ మీది?

బెంగళూరులో తెలుగువాడు తెలుగువాణ్ని కలిస్తే మూడో ప్రశ్న అదే. మొదటిది "తెలుగా?", రెండోది "ఏ ఊరు?". పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతానని చెప్పగానే అవతలి మనిషి ముఖంలో ముందు జాలి, ఆ వెనకే మర్యాద కనిపిస్తాయి. "అది సరేనండీ, ఉద్యోగం?" అని అడిగినవారూ ఉన్నారు. పదకొండేళ్లుగా ఇదే ఉద్యోగమని చెప్పడం నాకైతే అలవాటైంది. అనంతపురంలో ఉన్న అమ్మకే ఇంకా నమ్మకం కుదరలేదు. "ఎవరి పిల్లలతోనో నువ్వు బంతాట ఆడితే నీకు జీతం ఎందుకిస్తారు నాయనా?" అని ఇప్పటికీ ఫోనులో అడుగుతుంది. కొన్ని నెలల్లో జీతం ఆలస్యమైనప్పుడు ఆ ప్రశ్న నాకూ సబబుగానే తోస్తుంది.

పొద్దున్న ఆరింటికి సర్జాపుర రోడ్డులో అపార్ట్‌మెంట్ల మధ్య ఒక టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి పరిచిన మైదానం. మధ్యాహ్నం ఒక ప్రైవేటు బడిలో ఆటల పీరియడ్లు. సాయంత్రం మళ్లీ టర్ఫ్. బైకు వెనక వల సంచిలో బంతులు కట్టుకుని సిల్క్ బోర్డు దగ్గర ఆగితే, పక్క స్కూటరాయన "బంతి ఎంత?" అని కన్నడంలో బేరం మొదలుపెడతాడు. ఒకసారి నిజంగానే ఒకటి అమ్మేశాను. ఆ నెల అలాంటిది.

నేను ఆట నేర్చుకున్నది అనంతపురంలో, విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానాల్లో. అంతకు ముందు మా ఊరి చెరువు కింద ఎర్రమట్టి నేల మీద. ఆ నేల మీద బంతి ఎటు లేస్తుందో దానికే తెలియదు. రాయి తగిలితే మోకాటి మీదికి వస్తుంది, గుంట తగిలితే ఆగిపోతుంది. కాబట్టి బంతి వచ్చేదాకా వేచి ఉండేవాడు ఆ రోజు ఆడనట్టే. జట్టుకు ఇంతమంది అన్న లెక్క ఉండేది కాదు. ఎవడు ఎక్కడ ఆడాలో చెప్పేవాడూ లేడు. ఈ రోజు గోల్ కాసినవాడు రేపు ముందు వరసలో ఉండేవాడు. బెంగళూరు టర్ఫ్ మీద బంతి చాప మీద గోళీలా జారుతుంది. గంటకు ఇంతని అద్దె కట్టిన చోటు కాబట్టి ప్రతి నిమిషానికీ లెక్క చెప్పాలి. తల్లిదండ్రులు వల అవతల నిలబడి ఆ లెక్క చూస్తూనే ఉంటారు.

వాళ్లు చూసేది గోల్స్. పదేళ్ల పిల్లవాడికి "స్ట్రైకర్" అని పేరు పెట్టి తీసుకొస్తారు, నామకరణం అయిపోయినట్టు. వాణ్ని ఓ పూట వెనక ఆడిస్తే నాకు సాయంత్రానికల్లా ఫోను వస్తుంది. ఇప్పటి ఆటలో స్ట్రైకరే మొదటి డిఫెండర్ అని, బంతి పోయిన మరుక్షణం దాన్ని వెనక్కి లాక్కోవాల్సింది అతనేనని చెబితే నేనేదో సర్దిచెబుతున్నానని అనుకుంటారు. గోల్ కీపర్ సంగతీ అంతే. 1992లో వచ్చిన నిబంధనతో, సొంత జట్టువాడు కాలితో కావాలని వెనక్కి ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో పట్టకూడదు. ఆ ఒక్క మార్పుతో కీపర్ కాళ్లకు పని పడింది. ఇవాళ పెద్ద జట్ల కీపర్లు పదకొండో ఆటగాడిలా పాస్‌లు ఇస్తున్నారు. మన దగ్గర మాత్రం లావుగా ఉన్నాడనో, పరుగెత్తలేడనో పిల్లవాణ్ని ఇంకా గోల్ పోస్టుల మధ్య నిలబెడుతూనే ఉన్నాం.

ఈ మాటలు కొత్తవేమీ కావు. హైదరాబాదు రహీం సాబ్, అదే భారత జట్టు కోచ్‌గా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం, ఏడు దశాబ్దాల కిందటే కుర్రవాళ్లకు డ్రిబ్లింగ్ (బంతిని కాలితో తోసుకుంటూ ఒక్కడే దూసుకెళ్లడం) లేని పోటీలు, చేతకాని కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టేవాడని చెబుతారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో, తలకు దెబ్బ తగిలి ఉన్న జర్నైల్ సింగ్‌ను, గోల్ ముందు ఎదుటివాళ్లను ఆపే స్టాపర్‌ను, ఆయన ముందు వరసలోకి పంపాడు. జర్నైల్ సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2–1తో మనకు స్వర్ణం వచ్చింది. స్టాపర్‌కు బంతితో ముందుకు వెళ్లడం తెలియకపోయి ఉంటే ఆ ఎత్తు పారేదా?

ఈ కథ నేను పిల్లలకు చాలాసార్లు చెప్పాను. చెబుతూనే తప్పు చేశాను.

2019లో మా పన్నెండేళ్ల లోపు జట్టులో ఒక పొడుగు కుర్రవాడు ఉండేవాడు. తల్లి పౌరకార్మికురాలు, అంటే నగరపాలిక పారిశుద్ధ్య కార్మికురాలు. చిత్తూరు వైపు నుంచి వాళ్ల తాతల కాలంలో వచ్చిన కుటుంబం, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. పదకొండేళ్లకే నా భుజం దాటాడు. జనవరిలో పుట్టాడు. మన జట్ల వయసు లెక్క జనవరి 1తో మొదలవుతుంది కాబట్టి, డిసెంబరులో పుట్టినవాడితో పోలిస్తే వీడు దాదాపు ఏడాది పెద్ద. ఆ వయసులో ఏడాదంటే బెత్తెడు తేడా. ఆ ఎత్తునే నేను ప్రతిభ అనుకున్నాను. ఇప్పుడు నా పాత జాబితాలు తీసి చూస్తే, నేను ఎంపిక చేసిన పిల్లల్లో సగానికి పైగా ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే.

వాణ్ని స్టాపర్‌గా నిలబెట్టాను. పని చాలా సులువు: వచ్చిన బంతిని బలంగా బయటికి తన్నడం. కప్పు గెలిచాం. అకాడమీ యజమాని జట్టుతో ఫోటో దిగి గేటుకు వేలాడదీశాడు. మరుసటి ఏడాదికి కొత్త ఫీజులు వచ్చాయి. వాడికి రెండేళ్లపాటు నేను నేర్పింది తన్నడం ఒక్కటే.

2022లో ఒక క్లబ్బు ఎంపిక పరీక్షకు తీసుకెళ్లాను. అప్పటికి మిగతా పిల్లలూ ఎదిగారు, వీడి ఎత్తు వీడికి మిగలలేదు. అక్కడి కోచ్ వాణ్ని స్టాపర్‌గానే ఆడించాడు కానీ, వెనక నుంచి పాస్‌లతో ఆట కట్టమన్నాడు. బంతి కాలి దగ్గరికి వచ్చింది. వాడు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. వెనక నుంచి ఒకడు వచ్చి తీసుకుపోయాడు. రెండోసారీ అంతే. మూడోసారి మైదానం అవతలికి తన్నేశాడు. నేను నేర్పినట్టే, చాలా బలంగా. ఇరవై నిమిషాల తర్వాత పిలిచి బిబ్బు (జట్టు గుర్తుకు చొక్కా మీద తొడిగే రంగు బనీను) తీసుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు బైకు మీద వాడు ఏమీ మాట్లాడలేదు. దారిలో తట్టె ఇడ్లీ తినిపించాను. నాలుగు తిన్నాడు.

ఆ తర్వాత నేను పాఠం మార్చాను. పన్నెండేళ్ల లోపు ఎవరికీ స్థానం లేదు. నాలుగు వారాలకోసారి అందరూ గోల్ కాయాలి. పెద్ద మైదానంలో పదకొండు మంది ఆట మానేసి, నలుగురికి నలుగురు. అందులో దాక్కునే చోటు ఉండదు, బంతి పదే పదే వస్తుంది. యజమానికి ఇది నచ్చలేదు. కప్పులు తగ్గాయి, ఇద్దరు ముగ్గురు తండ్రులు పక్క అకాడమీకి పిల్లల్ని మార్చారు.

ఇవన్నీ ఒక్క అలవాటు కోసం. బంతి వచ్చేలోపు భుజం మీదుగా వెనక్కి చూడటం. నార్వే పరిశోధకుడు గెయిర్ యోర్డెట్ ఏళ్ల తరబడి ఆటగాళ్ల కాళ్లను వదిలేసి తలలనే గమనించాడు. బంతి అందకముందు ఎక్కువసార్లు చుట్టూ చూసినవాళ్ల పాస్‌లే ఎక్కువగా గురి తప్పకుండా చేరాయని తేల్చాడు. పరుగు, బలం, కాలి పని, అన్నీ ఆ చూపు తర్వాతే.

దీన్ని తల్లిదండ్రులకు చెప్పడం నా వల్ల కాలేదు. చివరికి చూపించాను. గుంటూరాయన ఒకరు, ప్రతి శనివారం వల పట్టుకుని "కొట్టరా, కొట్టు!" అని అరిచేవారు. ఆ అరుపు విన్నాక పిల్లవాడు ఇంకెక్కడికి చూస్తాడు? ఒకరోజు "సార్, ఒక్క ఐదు నిమిషాలు లోపలికి రండి" అన్నాను. ఐదుగురు చుట్టూ నిలబడి, మధ్యలో ఇద్దరికి దొరక్కుండా బంతి తిప్పే ఆట, దాని పేరు "రోండో". ఆయన ఆఫీసు బూట్లతోనే చుట్టులో నిలబడ్డారు. బంతి వచ్చింది, ఆపారు, తలెత్తారు, అప్పటికే పోయింది. మళ్లీ అదే. కొడుకు పక్కనుంచి "నాన్నా, ముందే చూడు!" అని అరిచాడు. ఆరోసారికి ఆయన నడుము మీద చేతులు వేసుకుని, ఆయాసంతో "బంతి నా మీదికి వస్తుంటే పక్కకు ఎలా చూస్తారండీ?" అని అడిగారు.

"అదే నేర్పుతున్నాను సార్."

అప్పటి నుంచి ఆయన అరవడం మానలేదు. "చూడరా, చూడు!" అని అరుస్తున్నారు. అదీ తప్పే. సగం తప్పు తగ్గిందని ఊరుకున్నాను.

ఆదివారాలు ఫీజు లేని బ్యాచ్ ఒకటి నడుపుతాను. ఆస్టిన్ టౌన్ నుంచి తమిళ పిల్లలు వస్తారు. తరతరాలుగా ఫుట్‌బాల్ ఊపిరిగా ఉన్న పేట అది. మూరెడు చోటులో బంతితో చుట్టూ తిరిగి బయటపడటం వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వాళ్లతో మా అపార్ట్‌మెంట్ పిల్లల్ని కలిపి ఆడిస్తాను. మొదట్లో పెద్ద చిక్కు భాషది. వెనక నుంచి ఎవడైనా మీదికి వస్తుంటే తోటివాణ్ని హెచ్చరించాలి. ఒకడు "పిన్నాడి" అంటాడు, ఒకడు "హిందె" అంటాడు, ఒకడు ఇంగ్లిషులో అంటాడు. అర్థమయ్యేలోపు బంతి పోతుంది. నేను ఏమీ చెప్పలేదు. మూడు వారాల్లో వాళ్లే "వెనక"కు వచ్చి ఆగారు. మా గుంటూరాయన కొడుకు గొంతు అందరికంటే పెద్దది, అంతకు మించి కారణం లేదు.

ఆ పొడుగు కుర్రవాడికి ఇప్పుడు పదిహేడు దాటాయి. ఆదివారాలు వచ్చి కోన్లు పెడతాడు, బిబ్బులు పంచుతాడు. పోయిన వారం ఒకడు తక్కువైతే తానే దిగి, నేను అడగకముందే నడిమి వరసలో నిలబడ్డాడు. ఆస్టిన్ టౌన్ పిల్లవాడు పాస్ ఇచ్చాడు. బంతి ఇంకా దారిలో ఉండగానే వీడు భుజం మీదుగా వెనక్కి చూశాడు. చూస్తూ చూస్తూ బంతిని కాలి కింద నుంచి పోనిచ్చాడు. అది గీత దాటింది. పిల్లలందరూ నవ్వారు. వాడూ నవ్వి, బంతి తేవడానికి వల వైపు పరుగెత్తాడు.