మొలలే అనుకున్న ఐదు నెలలు

నాకు 69 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. పుట్టింది చిత్తూరు దగ్గర, ఉండేది తిరుపతిలో. ఏటా ధనుర్మాసంలో అలిపిరి దారిన కొండెక్కుతాను. 3,550 మెట్లు ఎక్కగలిగే మనిషికి రోగమేముంటుంది అనే ధైర్యం ఉండేది.

మా అమ్మాయి నర్సు. ఆ ఏడు ఆడికృత్తికకు ఇంటికొచ్చి చిన్న గొట్టం ఒకటి చేతిలో పెట్టింది. "నీకేదో ఉందని కాదు నాన్నా, ఏమీ లేనప్పుడే ఏడాదికోసారి చేయించుకోవాల్సిన పరీక్ష ఇది" అంది. దాన్ని ఫిట్ అంటారు. పెద్దపేగు క్యాన్సర్‌ను ముందే పసిగట్టడానికి, మలంలో కంటికి కనిపించని రక్తం ఉందేమో చూస్తుంది. పుల్లతో మలాన్ని రెండు మూడు చోట్ల గుచ్చి, గొట్టంలో పెట్టి మూత బిగించి ల్యాబులో ఇవ్వాలి. పస్తుండక్కర్లేదు, మాంసం మానక్కర్లేదు.

పాజిటివ్ వచ్చింది. వెంటనే కొలనోస్కోపీ, అంటే పెద్దపేగును లోపలి నుంచి కెమెరాతో చూసే పరీక్ష, చేయించుకోమని అమ్మాయి పట్టుబట్టింది. నాకు ఇరవై ఏళ్లుగా మొలలున్నాయి, ఆ రక్తమే అయ్యుంటుందిలే అనుకున్నాను. దగ్గర్లో ఒక క్లినిక్‌కు వెళ్తే అక్కడా అదే మాట. పూతమందు రాసిచ్చి, నెల తర్వాత మళ్లీ మల పరీక్షే చేయించారు. ఈసారి నెగటివ్. సంతోషంగా ఫోన్ చేసి చెప్తే అమ్మాయి ఒప్పుకోలేదు. "ఒకసారి పాజిటివ్ వచ్చాక అదే పరీక్ష మళ్లీ చేసి వదిలెయ్యకూడదు నాన్నా. పేగులో గడ్డ ఉంటే అది రోజూ రక్తం కార్చదు, ఒకనాడు కారుస్తుంది, ఒకనాడు కార్చదు" అంది. నేను వినలేదు. ఆ క్లినిక్ మీద నాకు కోపం ఉంది, నా మీద ఇంకా ఎక్కువ ఉంది.

ధనుర్మాసం వచ్చింది. ఆ ఏడు గాలిగోపురం కూడా చేరలేకపోయాను. పది మెట్లకోసారి ఆయాసం. నా భార్య చెయ్యి పట్టుకుని కిందికి దింపుకొచ్చింది. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 8.4. ఈసారి పెద్దాసుపత్రికి వెళ్లాం. "ఈ వయసు మగవాళ్లలో కారణం తెలియకుండా రక్తం తగ్గిందంటే పేగు చూడాల్సిందే" అన్నారు డాక్టరు. ఇప్పుడు చేసేది ముందుజాగ్రత్త పరీక్ష కాదనీ, రోగాన్ని వెతకడమేననీ అప్పుడే అర్థమైంది.

కొలనోస్కోపీ కంటే దాని ముందు రాత్రే కష్టం. ఐరన్ మాత్రలు వారం ముందే మాన్పించారు. గింజలున్న పండ్లు, ఆకుకూరలు రెండు రోజుల ముందు నుంచే వద్దన్నారు. పొడి కలిపిన నీళ్లు రెండు లీటర్లు, సగం సాయంత్రం, సగం తెల్లవారుజామున తాగాలి. ఉప్పగా, జిగటగా ఉంటుంది. గ్లాసు గ్లాసుకీ నిమ్మచెక్క నాలుకకు రాసుకున్నాను. రాత్రంతా బాత్రూముకే తిరగడం. లైటు వేసి, నేల తడి లేకుండా తుడిచి, నా భార్య పడుకోకుండా కూర్చుంది. పరీక్ష మాత్రం అరగంట. మత్తులో ఏమీ తెలియలేదు.

పెద్దపేగు కుడివైపున గడ్డ. క్యాన్సరే.

ఆపరేషన్ అనగానే, మలం పోవడానికి పొట్టకు సంచి పెడతారేమోననే టెన్షన్ పట్టుకుంది. చావు కంటే దానికే ఎక్కువ భయపడ్డాను. అవసరం రాలేదు. చిన్న రంధ్రాల ద్వారానే ఆ భాగం తీసేసి, మిగిలిన పేగును చిన్నపేగుతో కలిపారు. రెండో దశ, లింఫ్ గ్రంథుల్లోకి పాకలేదు, కీమో అక్కర్లేదన్నారు. ఆ మాట విని నా భార్య ఆసుపత్రి వరండాలోనే ఏడ్చేసింది. రెండు నెలలు విరేచనాలు పలచగా, ఎప్పుడొస్తాయో తెలియకుండా అయ్యేవి. రాగి జావతో, పెరుగన్నంతో గడిచింది. మూడో నెలలో మళ్లీ సంగటి ముద్ద తిన్నాను. ఏడాదికి చేసిన కొలనోస్కోపీలో పేగు శుభ్రంగా ఉంది.

చిత్తూరులో ఉన్న మా అన్నకు 83. గుండెకు స్టెంటు వేశారు, రక్తం పలచబరిచే మాత్రలు వాడతాడు. నన్ను చూసి తనకీ కెమెరా పరీక్ష చేయించమన్నాడు. నేనే తీసుకెళ్లాను. డాక్టరు వద్దన్నారు. 75 వరకు అందరికీ చెప్తారట. ఆ తర్వాత మనిషిని బట్టి చూస్తారు, 85 దాటితే ఇక చెప్పరు. చిన్న పిలక లాంటి పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లు పడుతుంది. ఆ పొడి నీళ్లతో ఒంట్లో నీరు తగ్గడం, రాత్రిపూట పడిపోవడం, పేగుకు రంధ్రం పడడం లాంటి ప్రమాదాలు మాత్రం ఇప్పుడే, వయసుతో పాటు పెరుగుతాయి. "అంటే నా పనైపోయిందనా?" అని అన్న బస్సులో దారి పొడుగునా మాట్లాడలేదు. ఇంటికెళ్లాక పక్కన కూర్చుని చెప్పాను, "నీకు నష్టం ఎక్కువ, లాభం తక్కువ అన్నారన్నా. రక్తం కనిపించినా, మలం నల్లగా వచ్చినా, బరువు తగ్గినా ఆ రోజే నాకు ఫోన్ చెయ్యి."

నా భార్యకు 65. కెమెరా అంటే భయం. పేగును బయటి నుంచే చూసే సీటీ స్కాన్ ఉందని విని అదడిగింది. దానికీ పేగు శుభ్రం చేసుకోవాలి, ఏదైనా కనిపిస్తే మళ్లీ కొలనోస్కోపీకే వెళ్లాలి. రక్తంలో క్యాన్సర్ గుర్తును కొలిచే సీఈఏ పరీక్ష చాలదా అంది. అది నాలాంటి వాళ్ల తర్వాతి చెకప్‌లకే గానీ, ముందుగా పట్టుకోవడానికి పనికిరాదట. చివరికి ఏటా ఫిట్ చేయించుకుంటానంది. పాజిటివ్ వస్తే సాకులు చెప్పకుండా కొలనోస్కోపీకి వస్తానని నాకు మాటిచ్చింది. మొదటిది నెగటివ్. రెండోదాని తేదీ క్యాలెండర్లో రాసిపెట్టాం.

ఇంట్లో తండ్రికి వచ్చింది గనుక పిల్లలకు 40 నుంచే మొదలుపెట్టాలన్నారు. మా అబ్బాయికి 43. ఏటా గుర్తుపెట్టుకోవడం తన వల్ల కాదు, బాగుంటే మళ్లీ ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేని కొలనోస్కోపీయే నయమన్నాడు. వచ్చే మంగళవారమే. సోమవారం సాయంత్రం ఆ పొడి కలిపి, నిమ్మచెక్కలు కోసిచ్చేది నేనే.