పైన తేలే మంచినీళ్లు

పెర్త్ నుంచి గుంటూరు వచ్చిన నాలుగో రోజు బాబాయి రెండు సీసాల నీళ్లతో బ్రాడీపేట ఇంటికొచ్చాడు. "అబ్బాయ్, ఉప్పు కొలవడమేగా నీ పని, ఇవి చూడు" అన్నాడు. ఒకటి నిజాంపట్నం దగ్గరి చేలో పాత బోరుది, రెండోది ఇంకా లోతుకు దింపిన కొత్త బోరుది. నా జేబు మీటరు ముంచాను. పాతదాని ఈసీ (నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చెప్పే అంకె, ఉప్పు పెరిగితే ఇదీ పెరుగుతుంది) 1.8, కొత్తదానిది 7.4.

పశ్చిమ ఆస్ట్రేలియాలోని మెరెడిన్ చుట్టుపక్కల గోధుమ చేలల్లో నేను మోసేది మీటరు పొడుగుండే ఈఎం38 అనే పరికరం. నేలలో ఏమీ గుచ్చక్కర్లేదు. అయస్కాంత క్షేత్రంతో మీటరున్నర లోతుదాకా మట్టిలో కరెంటు ఎంత పారుతుందో చెబుతుంది. ఉప్పే కాదు, తేమ, బంకమట్టి కూడా అంకెను పెంచుతాయి కాబట్టి అక్కడక్కడా మట్టి తీసి ల్యాబులో సరిచూసుకోవాలి. ఒంటిమీద లోహం ఉండకూడదు. తొలిరోజు బూట్లు, తాళాలు, ఫోను, చివరికి అమ్మ కట్టిన వెండి మొలతాడు కూడా విప్పి కారులో పెట్టాను. ఆ పూటంతా నడుము బోసిగా అనిపించింది.

అక్కడ అడవి కొట్టి గోధుమ వేశారు. చెట్లు తాగే నీళ్లు తాగేవాళ్లు లేక భూమిలోని నీటిమట్టం లేచి, వేల ఏళ్లుగా అడుగున పేరుకున్న ఉప్పును పైకి తెచ్చింది. పది లక్షల హెక్టార్లకు పైగా చెడింది.

"మాకు నీళ్లు అడుగంటి ఉప్పొచ్చిందిరా!" అన్నాడు బాబాయి. నిజమే. మన తీరంలో మంచినీళ్లు ఉప్పునీటిమీద మీగడలా తేలుతుంటాయి. సముద్రమట్టానికి అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, దిగువన దాదాపు 40 అడుగులు ఉంటుందని లెక్క. పైనున్న ఆ అడుగూ తోడేస్తే కింది నలభై కూడా పోతాయి. బోరు లోతుకు దింపితే దొరికేది ఉప్పే. తాతయ్య ఇసుకలో దొరువు, అంటే లోతు తక్కువ గుంట, తవ్వి పైనీళ్లే ముంచుకునేవాడు. బాపట్ల పరిశోధకులు దానికే చిల్లుల పైపులు పరిచి, పైపొర నీరే బావిలోకి చేరేలా చేశారు.

నాకు బాధేసింది జిప్సం విషయంలో. మట్టి చూడకుండానే ఎవరో చెబితే బాబాయి బస్తాలకు బస్తాలు చల్లాడు. జిప్సం పనికొచ్చేది కారు చౌడుకు, అంటే సోడియం ఎక్కువైన నేలకు. ఆయనది పాల చౌడు, అంటే మామూలు ఉప్పు పేరుకున్న నేల; దాన్ని కాలువ నీళ్లతో కడిగి, ఆ నీరు బయటికి పోయేలా మురుగు కాలువ తీయాలి.

మీటరు ఆయన దగ్గరే వదిలొచ్చాను. ఆదివారం ఆదివారం పాత బోరు అంకె వాట్సాప్‌లో పెడతాడు. మొన్న 2.1. మోటారు గంట తగ్గించమన్నాను.