మొవ్వు లేని చెట్టు

ఈరోజు మా తోటలో కొబ్బరి దింపు. కాయలు లెక్కపెట్టి పుస్తకంలో రాయడం నా పని. నేనేమో పొద్దున్నే కంప్యూటర్‌లో బొమ్మలు గీసే పెన్ టాబ్లెట్ ముందేసుకుని కూర్చున్నాను.

బళ్లో చదివిన రోజుల్లో కుండ, మామిడికాయ దాటి ముందుకు వెళ్లని చెయ్యి నాది. నలభై ఆరేళ్లకు ఈ సరదా ఏమిటని మా ఆయన అడగలేదు గానీ, అడిగినట్టే చూస్తారు. అమ్మాయి వాడి వదిలేసిన టాబ్లెట్, ఉచితంగా దొరికే క్రిత అనే బొమ్మల సాఫ్ట్‌వేర్. పెట్టుబడి అంతే.

ఈ టాబ్లెట్‌కు తెర ఉండదు. చెయ్యి బల్ల మీద, చూపు కంప్యూటర్ మీద. మొదట్లో గీత ఒకచోట మొదలుపెడితే ఇంకోచోట తేలేది. ఇప్పుడు కాస్త నయం. గీత వణకకుండా అందులోనే ఉండే స్టెబిలైజర్ పెట్టుకుంటున్నాను. లేయర్లు, అంటే బొమ్మలో ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు మాత్రం ఇంకా ఏడిపిస్తున్నాయి. ఇవాళ మట్టలన్నీ ఆకాశం లేయర్‌లోనే గీసేశాను. ఆకాశం చెరిపితే సగం చెట్టు దాంతోపాటే పోయింది.

రంగు సంగతి మరీ విచిత్రం. ఫోనులో తీసిన ఫొటో పక్కన తెరిచి, నొక్కినచోటి రంగు పట్టి చూపే కలర్ పికర్‌తో ఆకు మీద నొక్కి చూశాను. ఎండ పడినచోట దాదాపు తెలుపు. నీడలో బూడిద కలిసిన పసుపు. నెల రోజులుగా నేను పూస్తున్న చిలకపచ్చ ఆ చెట్టులో ఎక్కడా లేదు! పుట్టినప్పటి నుంచి వాటి కిందే తిరుగుతున్నదాన్ని.

మంచినీళ్లకు వచ్చిన దింపు అతను తెరవైపు తొంగిచూశాడు.

"ఇదేం చెట్టండీ?"

"కొబ్బరి చెట్టే."

కాసేపు తేరిపార చూశాడు. "మొవ్వు లేదు కదండీ. కొమ్ము పురుగు తినేసినట్టుంది. ఇక బతకదు."

నిజమే. మట్టలన్నీ గొడుగు కమ్మీల్లా చుట్టూ దించేశాను. నడినెత్తిన నిటారుగా లేచే లేత ఆకు ఊసే లేదు. వాకిట్లోకి వెళ్లి తలెత్తి చూశాను. కొత్త మట్ట నిలువుగా, పక్కవి ఏటవాలుగా, వయసు మళ్లినవి కిందికి వేలాడుతూ మానుకు ఆనుకుని.

పోయిన నెల రాజమహేంద్రవరంలో చిత్రకారుడు దామెర్ల రామారావు గారి చిత్రశాల చూశాను. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయిన మనిషి. అప్పుడు రంగులు చూసి మురిసిపోయి వచ్చేశాను. ఈసారి చెట్ల దగ్గర ఆగాలి.

కొత్త లేయర్ తెరిచి మొవ్వు పెట్టాను. నాలుగే గీతలు. అతనికి చూపిద్దామంటే అప్పటికే పక్క తోటలో చెట్టెక్కి ఉన్నాడు. కాయల కుప్ప వాకిట్లో అలాగే ఉంది. మా ఆయన వచ్చేలోగా లెక్కపెట్టాలి.