సంగటికి చెప్పి కొండెక్కాలి

ఆదివారం. ధనుర్మాసం మొదలైంది కాబట్టి గుళ్ల దగ్గర తెల్లారకముందే సందడి. తిరుపతి నుంచి తలకోన జలపాతానికి పోవడానికి ఇదే మంచి అదను. అక్టోబరు నుంచి పడ్డ ఈశాన్య రుతుపవనాల వానకు శేషాచలం కొండలు తాగినంత తాగి ఉంటాయి. వాన నిలిచి వారం దాటితే నీళ్లలో బురద పోయి తేటపడతాయి, నడిచే దారి ఆరుతుంది. సెలవులని ఏప్రిల్, మే నెలల్లో పోయేవాళ్లకు దొరికేది సన్నటి ధార, దాని కింద వందల మంది.

దూరం 60 కిలోమీటర్ల లోపే. చంద్రగిరి, రంగంపేట, భాకరాపేట ఘాట్, అక్కడ మదనపల్లె హైవే వదిలి కుడికి తిరిగితే నెరబైలు, తలకోన. దగ్గరే కదా అని పదింటికి బయల్దేరేవాళ్లకు రోజు పాడయ్యేది తిండి దగ్గర. జలపాతం చూసి దిగేసరికి మూడవుతుంది. అప్పుడు వంటకు చెబితే నాటుకోడి ఉడికేలోపు చీకటి పడుతుంది. ఆకలి తట్టుకోలేక బిస్కెట్లు, చిప్సు తిని తిరుపతికి వచ్చేస్తారు. అందుకే ఈ ప్రయాణం లెక్కంతా మధ్యాహ్నం భోజనం నుంచి వెనక్కి వేసుకోవాలి. ఒంటిగంటన్నరకు ఆకు ముందు కూర్చోవాలంటే తొమ్మిదిన్నరకు హోటల్లో చెప్పాలి. తొమ్మిదిన్నరకు అక్కడ ఉండాలంటే ఆరింటికి ఇల్లు కదలాలి.

పొద్దున టిఫిన్ చంద్రగిరిలోనో, తిరుపతి వదిలేలోపో చేసేయాలి. ఇడ్లీ మంచిది. ఈ నెలలో నెయ్యి ఓడే పొంగలి ఎక్కడ చూసినా నోరూరిస్తుంది గానీ, కడుపు నిండా తిని ఘాట్ మలుపులు ఎక్కితే పిల్లలకు వాంతులు కావొచ్చు. ఒక దొప్పెడు ప్రసాదం చాలు. పెట్రోలు, చేతిలో చిల్లర నోట్లు కూడా ఇక్కడే చూసుకోవాలి. అడవి దగ్గర ఫోన్ సిగ్నల్ సరిగా అందదు, ఫోన్‌తో డబ్బు కడదామనుకుంటే కుదరకపోవచ్చు.

మొదట కల్యాణి డ్యామ్. 1977లో కట్టారు. తిరుమలకూ తిరుపతికీ తాగునీరు ఇక్కడి నుంచి పోతుంది. పొద్దున ఏడు, ఏడున్నర మధ్య చూడాలి. గాలి లేకపోతే చుట్టూ ఉన్న కొండలు నీళ్లలో నిలబడి కనిపిస్తాయి. ఎండ ముదిరితే నీళ్ల మీద మెరుపు తప్ప ఇంకేం తెలియదు. అరగంట చాలు. నీళ్లలో దిగకూడదు. అంచున బండ ఉన్నట్టు కనిపించే చోట ఒక్క అడుగు తర్వాతే లోతు మొదలవుతుంది. పైగా అది ఊరంతా తాగే నీళ్లు.

ఈ నీళ్ల దారి తెలిస్తే సాయంత్రం చూసేవాటికి ఇంకా అర్థం వస్తుంది. కల్యాణి నది కిందికి పోయి తొండవాడ దగ్గర, భీమా నదితోపాటు స్వర్ణముఖిలో కలుస్తుంది. ముక్కోటి అని మనవాళ్లు పిలిచేది ఆ చోటునే. అగస్తీశ్వరుడి గుడి అక్కడే ఉంది. స్వర్ణముఖి అక్కడి నుంచి తిరుచానూరు పక్కగా శ్రీకాళహస్తికి, ఆ తర్వాత సముద్రానికి పోతుంది.

భాకరాపేట ఘాట్ మనకు పోయేటప్పుడు ఎక్కుడు, వచ్చేటప్పుడు దిగుడు. పీలేరు, మదనపల్లె వైపు లారీలు, బస్సులు ఎప్పుడూ ఉంటాయి. మలుపులో లారీని దాటబోతేనే ప్రమాదాలు. దిగేటప్పుడు రెండో గేరులో రావాలి. న్యూట్రల్‌లో వేసి బ్రేకు మీద కాలు పెట్టి దిగితే బ్రేకులు కాగి, సగం కొండ దిగేసరికి తొక్కినా పట్టవు. మాడిన వాసన వస్తే బండి పక్కన ఆపి పావుగంట చల్లారనివ్వాలి. బ్రేకుల మీద నీళ్లు మాత్రం పోయకూడదు.

నెరబైలులో గానీ, తలకోన గుడి దగ్గర గానీ చిన్న హోటళ్లు ఉంటాయి. వాటిలో ముందు చెబితేనే నాటుకోడి వండుతారు. చెప్పేటప్పుడు మొత్తం ఒకేసారి చెప్పాలి: "అక్కా, మేం ఆరుగురం. నలుగురికి నాటుకోడి, ఇద్దరికి పప్పు, అందరికీ సంగటి. ఒంటిగంటన్నరకు దిగుతాం, సంగటి మేం వచ్చినాకనే గెలకండి." ఆ చివరి మాట ముఖ్యం. కూర ఆగితే రుచి పెరుగుతుంది. సంగటి ఆగితే గట్టిపడి, పైన పెచ్చు కట్టి, గొంతు దిగదు.

కోడి లెక్క ఇది. కిలోన్నర బరువున్న నాటుకోడిని కాల్చి, పసుపు రాసి కడిగి కోస్తే కిలోకి అటూ ఇటూ కూర వస్తుంది. సంగటి ఉంది కాబట్టి నలుగురికి సరిపోతుంది. ధర బతికున్న కోడి బరువుకా, కోసిన కూర బరువుకా, వండే కూలి అందులో కలిసిందా అన్నది ముందే మాట్లాడుకోవాలి. తిన్న తర్వాత గొడవలన్నీ ఇక్కడే వస్తాయి. నాటుకోడి ముక్క మెత్తబడడానికి గిన్నెలో గంట పైనే పడుతుంది. పావుగంటలో ఇస్తామంటే అది నాటుకోడి కాదు. కాలి ఎముక కొరికి చూస్తే తెలిసిపోతుంది: నాటుకోడిది గట్టిగా ఉంటుంది, ఫారం కోడిది ఇట్టే పిండి పిండి అవుతుంది.

సంగటి సంగతి. ఒక గ్లాసు బియ్యం అరగంట నానబెట్టి, ఐదు గ్లాసుల నీళ్లలో మెతుకు చిదిమితే చిదిగిపోయేదాకా ఉడికించాలి. గంజి కుతకుత ఉడుకుతున్నప్పుడు ఒక గ్లాసు రాగిపిండి నడుమ కుప్పగా పోసి, కలపకుండా మూత పెట్టి, సన్న సెగ మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు వదిలేయాలి. పిండి మీదికి గంజి ఎగదన్ని, రంగు ముదిరి, పచ్చి వాసన పోయాక దించి కట్టెతో గెలకాలి. తొందరపడి పిండి పోయగానే కలిపితే ఉండలు కడతాయి. ఆ ఉండల లోపల పచ్చిపిండి అలాగే మిగిలి, సాయంత్రానికి కడుపు ఉబ్బుతుంది. ఆకులో పెట్టిన ముద్దను మధ్యకు విరిచి చూడండి. లోపల తెల్లటి పొడి కనిపిస్తే తినకండి, మళ్లీ పొయ్యి మీద పెట్టమని అడగండి, తప్పేం లేదు. తడిచేతికి అంటుకోకుండా విడివడితే అది సరైన సంగటి.

చెప్పి పది గంటలకల్లా నడక మొదలుపెట్టాలి. సిద్ధేశ్వరస్వామి గుడి నుంచి దారి చెట్ల నీడలోనే పోతుంది. మొదట నెలకోన వస్తుంది, చాలామంది ఇదే జలపాతం అనుకుని ఆగిపోతారు. ఇంకా పైకి, మెట్లూ బండలూ దాటి పోతే 270 అడుగుల నుంచి పడే అసలు ధార. రాష్ట్రంలో ఇంతకంటే ఎత్తయినది లేదని పేరు. పోయి, కాసేపు ఉండి, రావడానికి మూడు గంటలు పెట్టుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు నెలకోన దగ్గరే కూర్చుంటే ఏమీ పోగొట్టుకున్నట్టు కాదు, అక్కడి నీళ్లూ అంతే చల్లన.

ఈరోజు ధార బాగుంది, తేటగా ఉంది. వానలు నిలిచినా నీళ్లు రావడానికి కారణం పైనున్న రాయి. శేషాచలం పైభాగమంతా క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుకరాయి భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ గట్టిపడింది. రాయి నీళ్లు పీల్చదు గానీ దాని నిండా నిలువు పగుళ్లు, అడ్డం పగుళ్లు. వాననీళ్లు వాటిలోకి దిగి, నెలల తరబడి కొంచెం కొంచెంగా ఊటగా బయటికి వస్తాయి. పైనున్న అడవి ఆకుచెత్త ఆ నీళ్లను వెంటనే జారిపోకుండా నిలుపుతుంది. అడవి పోతే ధార వానతోపాటే వచ్చి వానతోపాటే పోతుంది. 1989లో ఈ కొండల్ని శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంగా ప్రకటించడం మన తాగునీళ్లకు కూడా జరిగిన మేలు.

ధార కింద నిలబడేవాళ్లు మూడు విషయాలు చూసుకోవాలి. నీళ్లు పారే బండ మీద ఆకుపచ్చగా, నల్లగా కనిపించేది పాచి. దాని మీద చెప్పులైనా, వట్టి కాళ్లైనా జారతాయి. పొడిగా, గరుకుగా ఉన్న రాయి మీదే అడుగు వేయాలి. ఇక గుండం లోతు పైనుంచి తెలియదు, ఈత వచ్చినా దూకకూడదు. అడుగున రాళ్లుంటాయి, పడే ధార మనిషిని లోపలికి తొక్కుతుంది. అన్నిటికంటే భయపడాల్సింది పై నుంచి హఠాత్తుగా వచ్చే నీరు. మన నెత్తిన ఎండ కాస్తున్నా, వెనక కొండల మీద వాన పడి ఉండొచ్చు. తేట నీళ్లలో ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, రంగు మారినా, ధార చప్పుడు బరువెక్కినా సబ్బులు, తువ్వాళ్లు ఏరుకుంటూ నిలబడకుండా పక్క గట్టు ఎక్కేయాలి. అన్నట్టు సబ్బు, షాంపూ అసలు తేకూడదు. కింద ఊళ్లవాళ్లు, అడవి జీవాలు తాగేది ఈ నీళ్లే.

కోతులు చేతిలో కవరు చూస్తే వదలవు. తిండి స్టీలు డబ్బాలో, డబ్బా జిప్పున్న సంచిలో. ఉడికించిన చెనక్కాయలు, రెండు అరటిపళ్లు చాలు. ఎదురుగా వచ్చిన కోతికి ఏదీ పెట్టకూడదు. పెట్టినవాళ్లు పోతారు, వెనక వచ్చే పిల్లల చేతులు గీరుకుపోతాయి. మద్యం, ప్లాస్టిక్ అడవిలోకి తేవద్దు. చేతికర్ర కోసమని కొమ్మ విరవడం, ఎర్రగా బాగుందని చెక్కముక్క జేబులో వేసుకోవడం ఇంకా ప్రమాదం. ఇది ఎర్రచందనం పెరిగే అడవి, ఆ చెట్టు సహజంగా పెరిగేది ఈ చుట్టుపక్కల కొండల్లోనే. చిన్న ముక్క దొరికినా కేసవుతుంది.

భోజనం. వేడి ముద్ద నడుమ బొటనవేలితో గుంట చేసి పులుసు పోసుకోవాలి. నాటుకోడికి ధనియాలు, ఎండు మిరక్కాయలు, తెల్లగడ్డలు, గసాలు, కొబ్బరి నూరి వేసే మసాలా మన వైపు పద్ధతి. నూనె పైకి తేలి, పులుసు పల్చగా ఉండాలి. చిక్కగా ఉంటే సంగటితో గొంతులో ఆగుతుంది. మాంసం తిననివాళ్లు ఇక్కడ తక్కువ తిన్నట్టు అనుకోనవసరం లేదు. ఊరిబిండి అడగండి: వేయించిన చెనక్కాయలు, మిరక్కాయలు, చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు రోట్లో బరకగా నూరి, ఎర్రగడ్డ ముక్కలు కలుపుతారు. మిక్సీలో మెత్తగా తిప్పితే నూనె విడిచి ముద్దయిపోతుంది, రుచి ఉండదు. ఇంకో మాట, ఈ నెల నుంచి సంక్రాంతి దాకా అనపకాయల కాలం. అనపగింజల కూర వండమంటే చాలామంది సంతోషంగా వండుతారు, కాయలు మాత్రం మీరు దారిలో కొని తెచ్చిస్తే నయం. గింజలు ఒలవడానికే గంట పడుతుంది కాబట్టి అదీ పొద్దునే ఇవ్వాలి. చివర్న మజ్జిగ తప్పనిసరి.

సంగటి తిన్న వెంటనే స్టీరింగు పట్టుకోకూడదు, కళ్లు మూతలు పడతాయి, ముందున్నది దిగుడు ఘాట్. అరగంట చెట్టు కింద పడుకుని లేచి, రెండున్నరకు కదలాలి. చీకటి పడ్డాక ఘాట్‌లో ఉండకూడదు, ఈ వైపు ఏనుగులు తిరుగుతున్నాయి.

మూడూ ముప్పావుకు చంద్రగిరి. కోటంతా చూడాలంటే రెండు గంటలు కావాలి, అది ఇంకో రోజు పెట్టుకోండి, ఇంటికి దగ్గరే. ఈ పూటకు రాజమహల్ చాలు. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపిన అంతస్తులు. 1639లో మద్రాసు కోటకు స్థలం ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చిన పత్రం ఇక్కడిదేనని చెబుతారు. లోపల మ్యూజియం ఉంది, శుక్రవారం మూసేస్తారు.

నాలుగున్నరకు బయటపడి తొండవాడ, రామచంద్రాపురం మీదుగా రాయలచెరువు. డిసెంబరులో ఐదుంబావుకల్లా కట్ట మీద లేకపోతే వెలుగు దొరకదు. విజయనగర రాజుల కాలం నాటి చెరువు. కొండల మధ్య సందుకు కట్ట వేసి వాననీళ్లు ఆపారు. ఇది గుంట కాదు, నిండితే పెద్ద జలాశయం. 2021 నవంబరు వరదల్లో కట్టకు అవతలి వైపు నీళ్లు ఊరడం మొదలై, కింది ఊళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. మట్టికట్టకు పొర్లే నీళ్లే కాదు, లోపల నుంచి కారే నీళ్లూ ప్రమాదమే. తేటగా కారితే ఊట, బురదగా కారితే కట్ట లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టు. అందుకే ఊళ్లో పెద్దవాళ్లు కట్ట కింద నీటి రంగు చూస్తారు. కట్ట మీద బండి ఆపితే దారికి అడ్డం, చివర వెడల్పున్న చోట నిలిపి నడవాలి. తుమ్మముళ్లుంటాయి, చెప్పులు గట్టివి వేసుకోవాలి. కొంగలు, నీటికాకులు గూళ్లకు మళ్లే వేళ ఇదే, చప్పుడు చేయకుండా ఉంటే దగ్గరగానే దిగుతాయి.

ఇక్కడి నుంచి తిరుపతి అరగంట, నలభై నిమిషాలు. రాత్రికి ఎవరికీ పెద్దగా ఆకలి ఉండదు. మజ్జిగన్నం, ఊరగాయ చాలు. మిగిలిన ఊరిబిండి మూట కట్టించుకుని ఉంటే ఎర్రగడ్డ వేసింది కాబట్టి ఈ రాత్రికే తినేయాలి, పొద్దుటికి వాసన వస్తుంది.